విశాఖ నుంచి థార్, కచ్ఛ్ రణ్: ఎడారి దారిలో ఎక్కడెక్కడ ఆగాలి?

మధురవాడ_మాధవి

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే జనవరిలో మేము నలుగురం ఎడారి ప్రయాణం చేయాలని నిశ్చయించుకున్నాము. నేను, మావారు, ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయి, డెబ్బై దాటిన మా మామగారు వెళ్తున్నాము. విశాఖ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి వారానికొక రైలు ఉంది. అలాగే గాంధీధామ్ నుంచి విశాఖకు కూడా వారానికొక రైలు ఉంది. మొదటి రైల్లో జోధ్‌పూర్ చేరి, అక్కడ డ్రైవరుతో సహా కారు మాట్లాడుకుని, జైసల్మేర్, బార్మేర్, ధోలావీరా, భుజ్ మీదుగా గాంధీధామ్ వెళ్ళి రెండవ రైలెక్కాలన్నది మా ఆలోచన.

ఏ ఏజెంటును అడిగినా జైసల్మేర్ దగ్గరి సమ్ ఇసుక తిన్నెల వద్ద గుడారం, ఒంటె సవారీ, రాత్రి నాట్యం, మరునాడు తిరుగు ప్రయాణం అని ఒకే పాఠం చెబుతున్నారు. మా అమ్మాయికి రాళ్ళన్నా నేల కథలన్నా ప్రాణం. ప్రకృతి వింతలు, రోడ్డు పక్కన ఆగి చూడదగ్గవి ఈ దారిలో ఏమున్నాయో, వేటికి ఎంత సమయం ఇవ్వాలో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రాళ్ళ_మాస్టారు

మాధవి గారూ, మీ దారి చాలా బాగుంది, ఎందుకంటే వెళ్ళిన దారినే వెనక్కి రాకుండా ఎడారిని ఈ కొస నుంచి ఆ కొస దాకా దాటించే దారి అది. భూగర్భ శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

బయలుదేరే ముందు ఒక ఉదయం మీ అమ్మాయిని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్ళండి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఆ దిబ్బల్లో ఉన్నది సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలి ఎగరవేసుకొచ్చి పోసిన ఇసుక. ఇసుక రేణువుల మీద ఐరన్ ఆక్సైడ్ పొర కట్టి ఆ ఎరుపు వచ్చింది. తరువాత వానలు వాటిని కోసి గెడ్డలుగా, సన్నని గోడలుగా చెక్కాయి. గాలి ఇసుకను ఎలా పేరుస్తుందో, నీరు దాన్ని ఎలా కోస్తుందో మన ఊళ్ళోనే చూసిన పిల్లకు థార్ ఎడారి వెంటనే అర్థమవుతుంది.

నా సలహా ఒక్కటే. ఈ ప్రయాణమంతా నీటి జాడ పట్టుకుని వెళ్ళండి. ఎడారి అనగానే మనం ఇసుకను తలచుకుంటాము, కాని మీ దారిలోని ప్రతి వింతనూ తయారుచేసింది ఒకప్పుడు ఉండి, తరువాత వెళ్ళిపోయిన నీరు, లేదా ఏడాదికి నాలుగు వానలుగా వచ్చే నీరు. జైసల్మేర్‌లో ఏడాది వర్షపాతం రెండు వందల మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. మన విశాఖలో వెయ్యి దాటుతుంది.

జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోట కింద ఉన్న కొండ రయొలైట్ అనే అగ్నిశిల. సుమారు 75 కోట్ల ఏళ్ళనాటి అగ్నిపర్వతాల ఫలితం అది. కోట చూసి వెళ్ళిపోకుండా, దాని పక్కనే ఉన్న రావ్ జోధా ఎడారి శిలా ఉద్యానవనంలో ఒక ఉదయం నడవండి. డెబ్బై హెక్టార్ల ఆ రాతినేలను ఆక్రమించిన సర్కారు తుమ్మను వేళ్ళతో సహా పెకలించి, థార్ సొంత మొక్కలను తిరిగి నాటారు. 2011 నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు.

జైసల్మేర్ నుంచి బార్మేర్ వెళ్ళే దారిలో పదిహేడు కిలోమీటర్ల దూరంలో ఆకల్ శిలాజ వన ఉద్యానం వస్తుంది. సుమారు 18 కోట్ల ఏళ్ళ క్రితం జురాసిక్ కాలంలో అక్కడ అడవి ఉండేది. కూలిన చెట్లు మట్టిలో పూడుకుపోయి, భూగర్భ జలంలో కరిగి ఉన్న సిలికా వాటి కణకణంలోకి చేరి కలపను రాయిగా మార్చింది. అన్నిటిలోకీ పొడవైన మాను సుమారు పదమూడు మీటర్లు ఉంటుంది. చుట్టూ ముళ్ళపొదలు తప్ప నీడనిచ్చే చెట్టు కనబడని చోట అడవి మానులు రాళ్ళై పడి ఉండటం చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం మరే ఇసుక తిన్నె దగ్గరా నాకు కలగలేదు. చాలామంది పది నిమిషాల్లో ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు. మీరు కనీసం గంటన్నర ఉండండి. చిన్న ముక్కైనా తీసుకురాకూడదు.

అడవి పోయిన తరువాత అదే ప్రాంతాన్ని సముద్రం ముంచెత్తింది. జైసల్మేర్ కోటనూ హవేలీలనూ కట్టిన పసుపు రాయి ఆ జురాసిక్ పొరల నుంచి వచ్చినదే. అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలోని హాబూర్ గ్రామం రాతిలో గవ్వలూ ఇతర సముద్ర జీవుల శిలాజాలూ కంటికే కనిపిస్తాయి. ఆ రాతి గిన్నెలో పాలు పోస్తే తోడు లేకుండానే పెరుగు తోడుకుంటుందని స్థానికుల నమ్మకం. జైసల్మేర్ ప్రాంతంలో దొరికిన ఎముకల ఆధారంగా 2023లో శాస్త్రవేత్తలు థారోసారస్ అని పేరు పెట్టిన శాకాహార డైనోసార్ కూడా సుమారు 16.7 కోట్ల ఏళ్ళనాటిది. ఈ విషయం మీ అమ్మాయికి తప్పక చెప్పండి.

గాజువాక_చక్రం

మాస్టారు చెప్పినదానికి దారి సంగతులు జోడిస్తాను. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కు నేరుగా వెళితే సుమారు 280 కిలోమీటర్లు. రోడ్డు చాలా బాగుంటుంది కనుక అందరూ ఒక్క ఊపున వెళ్ళిపోతారు. అలా వెళ్ళకండి. ఓసియాన్ మీదుగా ఫలోదీ వెళ్ళి, పక్కనున్న ఖీచన్ చూసి, రామ్‌దేవ్రా, పోఖ్రాన్ మీదుగా జైసల్మేర్ చేరండి. దూరం పెరుగుతుంది, రోజంతా పడుతుంది, కాని ఓసియాన్‌లోని ఎనిమిదవ శతాబ్దం నాటి గుళ్ళు, వాటి వెనుకనే మొదలయ్యే ఇసుక, రెండూ దారిలోనే వస్తాయి.

రోడ్డు పక్క వింతల్లో ప్రసిద్ధమైనది ఓం బన్నా స్థానం. జోధ్‌పూర్ నుంచి పాలీ వెళ్ళే రహదారి మీద సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ప్రమాదంలో మరణించిన ఒక యువకుని బుల్లెట్ మోటారు సైకిలును అద్దాల గదిలో నిలిపి పూజిస్తారు. అటుగా వెళ్ళే డ్రైవర్లు ఆగి, దండం పెట్టి, క్షేమంగా చేర్చమని వేడుకుని కదులుతారు. అది జైసల్మేర్‌కు వ్యతిరేక దిశలో ఉంది కనుక, జోధ్‌పూర్‌లో ఒక పూట మిగిలితేనే వెళ్ళండి. లారీ నడిపేవారి భక్తిని దగ్గరగా చూడాలనుకునేవారికి ఆ పూట వృథా కాదు.

రాత్రి ప్రయాణం మాత్రం వద్దు. ఆవులు, ఒంటెలు, నీల్‌గాయ్‌లు రోడ్డు మీదికి వస్తాయి. ఒంటె కాళ్ళు పొడవు కనుక కారు గుద్దితే దాని శరీరం నేరుగా ముందు అద్దం మీద పడుతుంది. సరిహద్దు దగ్గరి తనోట్ వైపు వెళ్ళేటప్పుడు రామ్‌గఢ్‌లోనే ట్యాంకు నింపించండి. ఒక రాష్ట్రంలో ఎక్కి మరో రాష్ట్రంలో దిగుతున్నారు కనుక కారు ఖాళీగా తిరిగివెళ్ళే ఖర్చు కూడా అడుగుతారు. పర్మిట్, టోల్, డ్రైవరు బత్తా కలిపి ముందే కాగితం మీద రాయించుకోండి.

భీమిలి_పిట్టల_నేస్తం

ఖీచన్ పేరు చూసి సంతోషం కలిగింది. డెమోజెల్ కొంగలు మంగోలియా, మధ్య ఆసియా ప్రాంతాల నుంచి హిమాలయాలు దాటి వచ్చి శీతకాలమంతా ఆ చిన్న ఊరి చెరువుల దగ్గర గడుపుతాయి. అక్కడివారు వాటిని కుర్జా అంటారు. ఊరివారు తరతరాలుగా వాటికి గింజలు వేస్తున్నారు. 2025లో ఆ చిత్తడి నేలను, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్సర్ జాబితాలో చేర్చారు. తెల్లవారగానే గింజల ఆవరణలోకి వేల పక్షులు దిగుతాయి కనుక, ముందు రాత్రి ఫలోదీలో బస చేస్తేనే ఆ దృశ్యం దక్కుతుంది. పగలు వెళితే చెరువు గట్టున నిలబడి ఉన్న గుంపులను చూడవచ్చు.

జైసల్మేర్ దగ్గర ఎడారి జాతీయ వనం 3,162 చదరపు కిలోమీటర్లు. మన బట్టమేక పిట్టకు మిగిలిన ప్రధానమైన చివరి ఆశ్రయం అదే. రాయలసీమలో రోళ్ళపాడు గడ్డి భూముల్లో ఒకప్పుడు వీటిని చూసేందుకే జనం వెళ్ళేవారు. ఇప్పుడు దేశం మొత్తం మీద అడవిలో నూట యాభైకి మించి లేవు. కంటి చూపు పక్కలకే ఎక్కువగా ఉండే ఈ బరువైన పక్షి ఎదురుగా ఉన్న కరెంటు తీగను ఆలస్యంగా గమనిస్తుంది, పక్కకు తప్పుకోలేక తగిలి చనిపోతుంది. మీ దారి పొడవునా గాలిమరలు, సౌర ఫలకాలు, వాటి నుంచి బయలుదేరే తీగలు కనిపిస్తాయి. ఫలోదీ దగ్గరి భడ్లా సౌర విద్యుత్ కేంద్రం ఒక్కటే 2,245 మెగావాట్లది. వాటిని చూసినప్పుడు ఈ పక్షి సంగతి కూడా మీ అమ్మాయికి చెప్పండి. వనంలోని సుదాసరీ వద్ద అటవీశాఖ అనుమతితో ప్రవేశించవచ్చు. కనబడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఇంకొక మాట. దారి పొడవునా పొలాల మధ్య కొమ్మలు నరికిన చెట్లు కనిపిస్తాయి. అవి దసరాకు మనం పూజించే జమ్మి చెట్లే, అక్కడ ఖేజ్రీ అంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీ గ్రామంలో రాజు మనుషులు ఆ చెట్లు నరకబోతే అమృతాదేవి అనే బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకుని ప్రాణమిచ్చింది. ఆమె వెంట మొత్తం 363 మంది చనిపోయారు. జోధ్‌పూర్ నుంచి పాతిక కిలోమీటర్లే. ఓం బన్నా కంటే నేను దీనికే ఓటు వేస్తాను.

సీతమ్మధార_శ్రీనివాస్

అందరూ జాబితా పెంచుతూ పోతున్నారు కాని, కారులో డెబ్బై దాటిన పెద్దాయన ఉన్నారన్న సంగతిని ఎవరూ పట్టించుకోలేదని నాకు అనిపిస్తోంది. నేను మా తల్లిదండ్రులతో జైసల్మేర్ వెళ్ళి వచ్చాను. రోజుకు ఐదు గంటలకు మించి కారులో కూర్చోబెడితే పెద్దవారికి నడుము పట్టేస్తుంది, మరునాడు ఏ వింత చూపించినా వారు కారు దిగరు. కచ్ఛ్‌ను వదిలేసి థార్ ఒక్కటే చూస్తే తప్పేమిటి? సమ్ గుడారాలను కూడా అంత తేలిగ్గా తీసిపారేయనక్కరలేదు. నగర దీపాలు లేని ఆకాశం కింద మా నాన్నగారు చాలాసేపు కుర్చీలోనే కూర్చుని, చిన్నప్పుడు పొలంలో పడుకుని చూసిన చుక్కలను పేరుపేరునా చూపించారు. ఆ తృప్తిని నేను శిలాజాలతో పోల్చలేను.

రాళ్ళ_మాస్టారు

శ్రీనివాస్ గారి ఆందోళన న్యాయమైనదే. దానికి మందు ప్రాంతాలను తగ్గించడం కాదు, ఒక్కొక్క ఊళ్ళో రెండేసి రాత్రులు ఉండటం. చుక్కలు చూడాలంటే సమ్ కంటే ఖూడీ మేలు. గ్రామం పక్కనే తిన్నెలు ఉంటాయి, పాటల హోరు తక్కువ. అయితే కచ్ఛ్‌ను వదిలేయమనడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. థార్‌లో సముద్రం జాడ రాళ్ళలో మాత్రమే ఉంటుంది, కచ్ఛ్‌లోని ఉప్పు మైదానమైన రణ్‌లో అయితే అది ఇంకా పూర్తిగా వెళ్ళిపోలేదు. ఈ రెండింటినీ కలిపేది లూణీ నది. అజ్మీర్ దగ్గర ఆరావళీ కొండల్లో పుట్టి, బాలోత్రా దాటాక ఉప్పగా మారి, సముద్రాన్ని చేరకుండానే కచ్ఛ్ రణ్‌లో కలిసిపోతుంది. బార్మేర్ నుంచి సాంచోర్ వెళ్ళేటప్పుడు మీరు ఆ నదిని దాటుతారు. జనవరిలో నీరు ఉండకపోవచ్చు. అయినా వంతెన దగ్గర కారు ఆపించండి, అంచున తెల్లని ఉప్పు పొర కనబడుతుంది.

జైసల్మేర్‌లో పెద్దాయన కూడా ఇష్టపడే చోటు మరొకటి ఉంది. కుల్‌ధరా అనే పాలీవాల్ బ్రాహ్మణుల పాడుబడిన గ్రామాన్ని గైడ్లు దెయ్యాల ఊరుగా చూపిస్తారు. ఒక దివాను దౌర్జన్యానికి భయపడి ఊరంతా ఒక్క రాత్రిలో వెళ్ళిపోయిందన్న కథ చెబుతారు. నీటి కొరత వల్ల జనం క్రమంగా తరలిపోయారని పరిశోధకులు భావిస్తున్నారు. నన్ను ఆకట్టుకున్నది ఆ ప్రాంతంలో పాలీవాలులు చేసిన ఖడీన్ సేద్యం. రాతినేల మీద పడిన వానను పారనిచ్చి, పల్లంలో అడ్డంగా మట్టి గట్టు వేసి నిలుపుతారు. నీరు ఇంకాక మిగిలిన తేమతోనే గోధుమ, శనగ పండిస్తారు. నిలిచిన నీరు నేలలోని ఉప్పును కూడా కిందికి దింపుతుంది. నేటికీ వాడుకలో ఉన్న ఖడీన్‌లు జైసల్మేర్ చుట్టుపక్కల ఉన్నాయి, జనవరిలో వాటిలో పచ్చని పైరు ఉంటుంది. మన ఉత్తరాంధ్రలో చెరువు గట్టు విలువ తెలిసిన పెద్దవారు ఆ గట్టు దగ్గర మనకంటే ఎక్కువసేపే నిలబడతారు.

బీచ్‌రోడ్_నావికుడు

విశాఖవాసులు తనోట్, లోంగేవాలా చూడకుండా రాకూడదని నా అభిప్రాయం. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి మన తీరానికి దగ్గరలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. దానికి గుర్తుగా నిలిపిన విజయ స్మారకాన్ని మనం బీచ్ రోడ్డులో రోజూ చూస్తూనే ఉంటాము. సరిగ్గా మరునాటి రాత్రి లోంగేవాలా స్థావరంలో మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురీ నాయకత్వాన సుమారు నూట ఇరవై మంది సైనికులు శత్రు టాంకుల దళాన్ని తెల్లవారే దాకా నిలువరించారు. తెల్లవారాక జైసల్మేర్ నుంచి వచ్చిన హంటర్ విమానాలు ఆ టాంకులను ధ్వంసం చేశాయి. టాంకులు ఇసుకలో కూరుకుపోయి కదలలేకపోవడం కూడా మనకు కలిసివచ్చింది. పట్టుబడిన టాంకులను అక్కడే ప్రదర్శనకు ఉంచారు.

తనోట్ మాత ఆలయం జైసల్మేర్ నుంచి సుమారు 120 కిలోమీటర్లు. 1965 యుద్ధంలో గుడి ఆవరణలో పడి పేలకుండా మిగిలిన బాంబులను అక్కడ చూడవచ్చు. పూజలు, నిర్వహణ సరిహద్దు భద్రతా దళం వారే చూసుకుంటారు. ఆలయం దాటి సరిహద్దు స్తంభం దాకా వెళ్ళాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆధార్ వంటి గుర్తింపు పత్రాలు అసలువే తీసుకెళ్ళండి. ఒకే రోజులో రెండూ చూసి జైసల్మేర్ తిరిగి రావచ్చు.

దారిలో మరొక విశేషం. బార్మేర్ ప్రాంతంలో సట్టా, గాంధవ్ మధ్య 925ఏ నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన విమానాలు అత్యవసరంగా దిగడానికి మూడు కిలోమీటర్ల మేర రన్‌వే ఉంది. 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. మన 16వ నంబరు రహదారి మీద కొరిశపాడు దగ్గర ఉన్నది కూడా అటువంటిదే.

కాండ్లా_రిటర్న్

ఉద్యోగరీత్యా గాంధీధామ్‌లో చాలాకాలం ఉండి విశాఖ తిరిగి వచ్చినవాడిని. కచ్ఛ్ భాగం నాకు వదిలేయండి.

సాంచోర్, రాధన్‌పూర్, సాంతల్‌పూర్, రాపర్ మీదుగా ధోలావీరా చేరండి. ఆ రోజు ప్రయాణం పొడవైనది కనుక మధ్యలో రాధన్‌పూర్ దగ్గర ఒక రాత్రి ఆగడం మామగారికి మంచిది. ధోలావీరా హరప్పా నాగరికత నగరం. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. మాస్టారు చెప్పిన నీటి జాడకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. రెండు వానవాగుల మధ్య నగరాన్ని కట్టి, వాటికి అడ్డుకట్టలు వేసి, వచ్చిన నీటిని రాతిలో తొలిచిన పెద్ద పెద్ద జలాశయాల్లోకి మళ్ళించారు. మెట్లు దిగి ఆ జలాశయం అడుగున నిలబడితే, నాలుగున్నర వేల ఏళ్ళ క్రితం వాన కోసం ఎంత ముందుచూపుతో ఏర్పాట్లు చేశారో తెలుస్తుంది. ఉదయం ఎనిమిదికల్లా లోపలికి వెళ్ళండి, ఎండ ఎక్కితే నీడ లేదు. సమీపంలోనే రణ్ అంచున మరొక శిలాజ వనం ఉంది. ఆకల్ చూసిన అమ్మాయి పోల్చి చూసుకోవచ్చు.

ధోలావీరా నుంచి ఖావ్‌డా వెళ్ళే కొత్త రహదారి రణ్‌ను చీల్చుకుంటూ పోతుంది. సుమారు ముప్పై కిలోమీటర్ల మేర రెండు పక్కలా ఉప్పు, లేదా ఉప్పునీరు, తప్ప మరేమీ ఉండదు. ఆ దారి వేయక ముందు భచావ్, రాపర్ చుట్టి రావలసి వచ్చేది. కారు రోడ్డు మీదే పక్కగా ఆపండి. ఉప్పు పొర గట్టిగా కనిపించినా కింద బురదే, చక్రం దిగితే బయటికి లాగేవారు దొరకరు. రణ్ ఒకప్పుడు అరేబియా సముద్రపు పాయ. వర్షాకాలంలో గాలి తోసిన సముద్రపు నీరు, లూణీ వంటి నదుల నీరు, వాన కలిసి దాన్ని ముంచుతాయి. చలికాలానికి నీరు ఆవిరై ఉప్పు పొర మిగులుతుంది. నవంబరులో వెళ్ళి, ఇంకా నీరే ఉందని నిరాశపడి వచ్చినవారున్నారు. మీరు జనవరి ఎంచుకోవడం సరైనది.

ఖావ్‌డా నుంచి కాలో డూంగర్ ఎక్కండి. కచ్ఛ్‌లో అన్నిటికంటే ఎత్తైన ఆ కొండ 462 మీటర్లు, మన సింహాచలం కొండల లాగే కారు పై దాకా వెళుతుంది. పైనున్న దత్తాత్రేయ ఆలయం దగ్గర నక్కలకు అన్నం ప్రసాదంగా పెట్టే ఆచారం ఉంది. దిగేటప్పుడు ఒకచోట కారు తనంతట తానే ఎత్తుకు వెళుతుందని, కొండలో అయస్కాంతం ఉందని చెబుతారు. చుట్టూ ఉన్న వాలుల వల్ల పల్లం ఎత్తుగా కనబడే దృష్టి భ్రమ అది. ధోర్డో దగ్గర తెల్ల రణ్ ప్రవేశానికి అనుమతి చీటీ తీసుకోవాలి. అక్కడి ఉత్సవ గుడారాలు ఖరీదైనవి. చుట్టుపక్కల గ్రామాల్లో మట్టి గోడల గుండ్రని భుంగా ఇళ్ళలో బస దొరుకుతుంది, అవి చాలా శుభ్రంగా ఉంటాయి.

భుజ్ వెళ్ళే దారిలో కర్కట రేఖను సూచించే బోర్డు దగ్గర అందరూ ఫోటో దిగుతారు. భుజ్‌లో ఒక పూట స్మృతివనం మ్యూజియంకు కేటాయించండి. 2001 జనవరి 26 నాటి భూకంపంలో మరణించినవారి జ్ఞాపకార్థం కట్టి 2022లో ప్రారంభించారు. కచ్ఛ్ నేల ఎందుకు కదులుతుందో అక్కడ చక్కగా వివరించారు. 1819 భూకంపంలో రణ్ ఉత్తరాన సుమారు ఎనభై కిలోమీటర్ల పొడవున నేల పైకి లేచి గట్టులా నిలిచింది. మనుషులు కట్టనిది కనుక దాన్ని అల్లా బంద్ అన్నారు.

మధురవాడ_మాధవి

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో అందరం కూర్చుని చదువుకున్నాము. శ్రీనివాస్ గారి మాట, మాస్టారి మాట రెండూ పాటిస్తూ ఇలా మార్చుకున్నాము. జోధ్‌పూర్‌లో శిలా ఉద్యానం, ఖేజడ్లీ చూసి, ఓం బన్నా వదిలేస్తాము. ఫలోదీలో రాత్రి బస చేసి తెల్లవారి కొంగలను చూస్తాము. జైసల్మేర్‌లో ఎక్కువ రాత్రులు ఉండి, తనోట్ రోజు మర్నాడు విశ్రాంతి తీసుకుంటాము. ఖడీన్ సంగతి చదవగానే మామగారు అది తప్పక చూడాలన్నారు. బార్మేర్ దగ్గరి కిరాడూ గుళ్ళు కూడా చూడాలని ఉంది, సమయం చాలుతుందా? మరొక సందేహం, మామగారికి రెండు పూటలా అన్నం ఉండాలి. ఆ దారిలో దొరుకుతుందా?

గాజువాక_చక్రం

కిరాడూకు బార్మేర్ నుంచి గంటలోపే చేరవచ్చు. సోమేశ్వరాలయం శిల్పం చాలా గొప్పది. సూర్యాస్తమయం తరువాత అక్కడ ఉన్నవారు రాళ్ళైపోతారని స్థానికుల నమ్మకం. ఆకల్‌లో గంటన్నర గడిపిన రోజు దీన్ని కూడా పెట్టుకుంటే హడావిడి అవుతుంది కనుక, బార్మేర్‌లో బస చేసి మరునాడు ఉదయమే వెళ్ళి రండి.

అన్నం జోధ్‌పూర్, జైసల్మేర్, భుజ్ హోటళ్ళలో అడిగితే వండుతారు. దారిలోని ధాబాల్లో బాజ్రా రొట్టె, కఢీ, కేర్ సాంగ్రీ కూర ఉంటాయి. సాంగ్రీ అంటే జమ్మి కాయలే. నూనె, కారం ఎక్కువ కనుక పెద్దాయనకు మజ్జిగతో కొద్దిగా పెట్టండి. చిన్న కరెంటు కుక్కరు, రెండు కిలోల బియ్యం, ఆవకాయ సీసా వెంట ఉంచుకుంటే ఫలోదీ, ధోలావీరా బసల్లో ఇబ్బంది ఉండదు. రెండు రైళ్ళూ వారానికి ఒక్కసారే కనుక, టిక్కెట్లు తీసుకున్నాక గాంధీధామ్‌లో ఒక రోజు చేతిలో ఉండేలా తేదీలు వేసుకోండి.